సోషల్ మీడియా రాజకీయాలు, దౌత్యం, ముస్లిం సమాజాల అధ్యయనం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఉమ్మడి నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో రాజనీతిశాస్త్రం, చరిత్ర, జర్నలిజం చదువుతున్న డిగ్రీ, పీజీ విద్యార్థులు ప్రాజెక్టు పని మొదలుపెట్టే ముందు అడిగే సందేహాలకు ఇక్కడ సమాధానాలు ఇస్తున్నాము. మండల విలేకరులకూ, ఊరి వాట్సాప్ గ్రూపులు నడిపేవారికీ పనికివచ్చే ప్రశ్నలు కొన్ని మధ్యలో ఉన్నాయి.

సోషల్ మీడియా రాజకీయాలను, ముస్లిం సమాజాలను ఒకే చోట ఎందుకు చదవాలి?

రాజకీయాల్లో సోషల్ మీడియా పాత్ర గురించి చర్చ ఎక్కడ మొదలైనా ముందుగా వినిపించే ఉదాహరణలు ముస్లింలు అధికంగా ఉన్న దేశాలవే: 2009లో ఇరాన్, 2010-11లో ట్యునీసియా, ఈజిప్టు, 2016లో టర్కీ, 2024లో పాకిస్తాన్, ఇండోనేసియా, బంగ్లాదేశ్. మరోవైపు, ఆ దేశాల గురించి మన జిల్లాల్లో చాలామందికి తెలిసినదంతా ఫోన్ ద్వారా తెలిసినదే. దేవరకొండలోనో నారాయణపేటలోనో పక్కింటి ముస్లిం కుటుంబాన్ని చిన్ననాటి నుంచి ఎరిగినవారు సైతం, కైరో గురించో ఢాకా గురించో అభిప్రాయం ఏర్పరచుకోవడానికి అర నిమిషం వీడియోతో సరిపెట్టుకుంటున్నారు. కాబట్టి ఆ సమాజాల గురించి తెలుసుకోవాలంటే ముందు ఆ వీడియో మన దాకా ఎలా వచ్చిందో తెలుసుకోక తప్పదు. ఒక పోస్టు చూసినప్పుడు దాన్ని రాసినవారు ఏమన్నారో మనకు తెలుస్తుంది. ఒక దేశమో ఒక మతమో ఏమనుకుంటున్నదో దానితో తేలదు. కింది సమాధానాలన్నీ ఈ దృష్టితోనే రాశాము.

ట్యునీసియా, ఈజిప్టు తిరుగుబాట్లను ఫేస్‌బుక్ తెచ్చిందని అంటారు. నిజమేనా?

సగం నిజం. 2010 డిసెంబర్ 17న ట్యునీసియాలోని సిదీ బూజీద్ అనే చిన్న పట్టణంలో, బండి మీద పండ్లు, కూరగాయలు అమ్ముకునే మొహమ్మద్ బూఅజీజీ అధికారుల వేధింపులు తట్టుకోలేక ఒంటికి నిప్పంటించుకున్నాడు. అక్కడి నిరసనల వీడియోలు ఫేస్‌బుక్‌లోకి ఎక్కాయి, వాటిని అల్ జజీరా టీవీ తీసుకుని అరబ్బు దేశాలన్నిటికీ చూపించింది, దేశంలోని కార్మిక సంఘాలు సమ్మెలకు దిగాయి. 2011 జనవరి 14న అధ్యక్షుడు బెన్ అలీ దేశం విడిచి పారిపోయాడు. ఈ వరుసలో ఫోన్, టీవీ, కార్మిక సంఘం ఒకదాని చేయి ఒకటి పట్టుకుని నడిచాయి. వాటిలో ఏ ఒక్కదాన్ని తీసేసినా కథ వేరుగా ఉండేది.

ఈజిప్టులో 2010 జూన్‌లో అలెగ్జాండ్రియా నగరంలో పోలీసుల దెబ్బలకు చనిపోయిన ఖాలిద్ సయీద్ పేరు మీద నడిచిన ఫేస్‌బుక్ పేజీ 2011 జనవరి 25 ప్రదర్శనలకు పిలుపునిచ్చింది. జనవరి 27 అర్ధరాత్రి దాటాక ప్రభుత్వం ఇంటర్నెట్‌ను దాదాపు పూర్తిగా ఆపేసింది. మరునాడు శుక్రవారం. జుమా నమాజు ముగించుకుని మసీదుల నుంచి బయటికి వచ్చిన జనం వీధుల్లో కలిసిపోయారు, జనం తగ్గలేదు సరికదా పెరిగారు. అంటే పిలుపు ఫేస్‌బుక్‌దైనా, జనం కూడే చోటు మాత్రం తరతరాలుగా ఉన్నదే. అంతకుముందు 2008లో మహల్లా పట్టణపు బట్టల మిల్లు కార్మికుల సమ్మె పిలుపు, దానికి మద్దతుగా పుట్టిన యువజన ఉద్యమం కూడా ఈ కథలో భాగమే. ఫేస్‌బుక్ ఒక్కటే కారణమని రాసే విద్యార్థులు సాధారణంగా ఈ మహల్లాను వదిలేస్తారు.

ఈజిప్టు అధ్యక్షుడు ముబారక్ 2011 ఫిబ్రవరి 11న దిగిపోయాడు. తర్వాత జరిగినదే పరిశోధకులు ఎక్కువగా చర్చించే సంగతి. టర్కీలో పుట్టిన సామాజిక శాస్త్రవేత్త జైనెప్ తుఫెక్చీ చెప్పేదేమంటే, వేగంగా కూడిన ఉద్యమానికి కలిసి నిర్ణయాలు తీసుకునే అలవాటు, చర్చలకు కూర్చునే నాయకత్వం ఏర్పడే సమయం దొరకదు. 2012 అధ్యక్ష ఎన్నికల్లో గెలిచినది 1928 నుంచి ఊరూరా నిర్మాణం ఉన్న ముస్లిం బ్రదర్‌హుడ్ అభ్యర్థి. మరుసటి ఏడాది జూలైలో సైన్యం ఆయన్ను దించేసింది.

మన విద్యార్థులకు పోలిక దగ్గరలోనే ఉంది. కైరోలో పది లక్షల మంది ప్రదర్శన అన్న పిలుపు వచ్చింది 2011 ఫిబ్రవరి 1న. ట్యాంక్‌బండ్ మీద తెలంగాణ మిలియన్ మార్చ్ జరిగింది అదే ఏడాది మార్చి 10న. ఇక్కడ మాత్రం జనాన్ని కదిలించినవి ఉద్యోగుల, విద్యార్థుల, కులవృత్తుల జేఏసీలు. అవి సెప్టెంబర్‌లో మొదలైన సకల జనుల సమ్మెను 42 రోజులు నడపగలిగాయి. ఈ రెండు ఉద్యమాలను పక్కపక్కన పెట్టి రాసే ప్రాజెక్టులు ఎందుకో మాకు చాలా తక్కువగా కనిపిస్తున్నాయి.

అంతకుముందు ఇలాంటి మాధ్యమాలు లేవా?

ఉన్నాయి. 1978లో ఇరాన్ మతనాయకుడు ఖొమేనీ పారిస్ దగ్గరి ఒక పల్లెలో ఉండి చేసిన ప్రసంగాలు క్యాసెట్ల మీద ఇరాన్ అంతటా తిరిగాయి. ఒక టేపు నుంచి మరో టేపుకు ఎక్కించుకుంటూ పోవడమే ఆనాటి ఫార్వర్డు.

ప్రభుత్వాలు వీటి నుంచి ఏం నేర్చుకున్నాయి?

మూసివేయడం ఒక్కటే కాదు, వాడుకోవడం కూడా నేర్చుకున్నాయి. టర్కీలో అప్పటికి ప్రధానిగా ఉన్న ఎర్దొగాన్ ప్రభుత్వం 2014 మార్చిలో ట్విట్టర్‌ను నిలిపివేసింది. 2016 జూలై 15 రాత్రి సైనిక తిరుగుబాటు జరిగినప్పుడు, అప్పటికి అధ్యక్షుడైన అదే ఎర్దొగాన్ ఫోన్ వీడియో కాల్‌లోకి వచ్చాడు, టీవీ యాంకరమ్మ ఆ ఫోన్‌ను కెమెరా ముందు పట్టుకుంది, ప్రజలను వీధుల్లోకి రమ్మని ఆయన పిలిచాడు. ఆ రాత్రి మసీదుల మైకుల్లోనూ పిలుపు వినిపించింది. ఈజిప్టులో మసీదు ప్రభుత్వానికి ఎదురు తిరిగినవారికి కూడలి అయితే, టర్కీలో ప్రభుత్వాన్ని నిలబెట్టేవారికి గొంతు అయింది. మతం రెండు చోట్లా ఒకటే కనుక ఆ తేడాకు కారణం వేరే చోట, అంటే ఆ మసీదులను ఎవరు నడుపుతారు, ఇమాములకు జీతం ఎవరిస్తారు అన్న సంస్థాగత ప్రశ్నల్లో వెతకాలి.

పాకిస్తాన్‌లో జైల్లో ఉన్న ఇమ్రాన్ ఖాన్ గొంతును 2023 డిసెంబర్‌లో కృత్రిమ మేధతో సృష్టించి ఆయన పార్టీ ఆన్‌లైన్ సభలో వినిపించింది. 2024 ఫిబ్రవరి ఎన్నికల తర్వాత అక్కడ ఎక్స్ (పాత పేరు ట్విట్టర్) వేదికను చాలాకాలం నిలిపివేశారు. బంగ్లాదేశ్‌లో 2024 జూలైలో ఉద్యోగ కోటాల మీద విద్యార్థుల ఆందోళన సాగుతుండగా ఇంటర్నెట్‌ను ఆపేశారు. ఆగస్టు 5న షేక్ హసీనా దేశం విడిచి వచ్చేశారు. నెట్ ఆపేస్తే ఉద్యమం ఆగుతుందన్న నమ్మకం కైరోలో చెల్లలేదు, ఢాకాలోనూ చెల్లలేదు.

మన దేశంలో ఇంటర్నెట్ నిలిపివేత గురించి రాసేవారు 2020 జనవరి 10న అనురాధా భసీన్ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు తప్పక చదవాలి. నిలిపివేత ఉత్తర్వులను ప్రచురించాలని, గడువు లేకుండా ఆపడం కుదరదని ఆ తీర్పు చెప్పింది.

ముస్లిం దేశాల్లో ఎన్నికల ప్రచారమంతా మతం మీదే నడుస్తుందా?

ఇండోనేసియాను చూస్తే ఔననీ కాదనీ రెండు సమాధానాలూ దొరుకుతాయి. ప్రపంచంలో అత్యధికంగా ముస్లింలున్న దేశాల్లో మొదటి వరుసలో ఉండే ఆ దేశ రాజధాని జకార్తాలో, 2016 సెప్టెంబర్‌లో క్రైస్తవుడైన గవర్నర్ చేసిన ప్రసంగం వీడియోను కత్తిరించి ఫేస్‌బుక్‌లో పెట్టారు. ఆయన ఖురాన్‌ను అవమానించాడన్న ఆగ్రహం రేగింది. 2017లో ఆయన ఎన్నిక ఓడిపోయాడు, రెండేళ్ల జైలుశిక్ష పడింది. ఆ వీడియోను పెట్టిన వ్యక్తికీ తర్వాత శిక్ష పడింది. అదే దేశంలో 2024 ఫిబ్రవరి 14 అధ్యక్ష ఎన్నికలో మాజీ సైనికాధికారి ప్రబోవో సుబియాంతో టిక్‌టాక్‌లో ముద్దులొలికే తాతలా నృత్యం చేస్తూ యువ ఓటర్లను ఆకట్టుకున్నాడు, గెలిచాడు. అదే ప్రజలు, దాదాపు అవే ఫోన్లు. ఒక ఎన్నికలో మతం, మరో ఎన్నికలో డాన్సు.

ఒక ట్వీటు వల్ల దేశాల మధ్య సంబంధాలు తెగుతాయా?

2018 ఆగస్టులో కెనడా విదేశాంగ శాఖ సౌదీ అరేబియాలో అరెస్టయిన మహిళా హక్కుల కార్యకర్తలను విడుదల చేయాలని ట్విట్టర్‌లో కోరింది, అదే మాటను అరబిక్‌లోనూ పెట్టింది. సౌదీ ప్రభుత్వం కెనడా రాయబారిని వెళ్లిపొమ్మంది, కెనడాలో చదువుతున్న తన విద్యార్థులను వెనక్కి పిలిచింది, కొత్త వ్యాపార ఒప్పందాలను ఆపేసింది. రాయబారులను తిరిగి నియమించుకోవడానికి 2023 మే వరకు పట్టింది. ఇలాంటి అభ్యంతరాన్ని రాయబారి చేతికి కాగితంగా ఇస్తే చూసేది విదేశాంగ శాఖ అధికారులు మాత్రమే, జవాబును సాగదీయడానికీ మెత్తబరచడానికీ వీలుంటుంది. అరబిక్‌లో పెట్టిన పోస్టును సౌదీ పౌరులు నేరుగా చదువుతారు కనుక, సమాధానం చెప్పకపోతే తమ ప్రజల ముందే తలవంచినట్టవుతుందని అక్కడి పాలకులు భావించారు. దౌత్యంలో సోషల్ మీడియా తెచ్చిన అసలు మార్పు వేగం కాదని, వినేవాళ్ల సంఖ్య అని మా అభిప్రాయం.

మాల్దీవుల ఉదంతం మనకు ఇంకా దగ్గరిది. 2024 జనవరిలో ప్రధాని మోదీ లక్షద్వీప్ ఫొటోలు పెట్టిన తర్వాత, మాల్దీవుల ఉపమంత్రులు ముగ్గురు ఆయన్ను కించపరుస్తూ పోస్టులు రాశారు. ఆ ప్రభుత్వం వారిని సస్పెండ్ చేసింది, ఢిల్లీలో ఆ దేశ రాయబారిని మన విదేశాంగ శాఖ పిలిపించింది, ఆ ఏడాది అక్కడికి వెళ్లే భారతీయ పర్యాటకులు బాగా తగ్గారు.

మన దేశంలో అన్న మాట గల్ఫ్ దాకా ఎలా వెళ్తుంది?

2022 మే చివర ఒక టీవీ చర్చలో అధికార పార్టీ ప్రతినిధి ప్రవక్త గురించి చేసిన వ్యాఖ్యల క్లిప్పు సోషల్ మీడియాలో తిరిగి, జూన్ 5న ఖతార్, కువైట్, ఇరాన్ ప్రభుత్వాలు మన రాయబారులను పిలిపించి నిరసన తెలిపేదాకా వెళ్లింది. ఆ పార్టీ ఆమెను సస్పెండ్ చేసింది. అంతకుముందు 2020 ఏప్రిల్‌లో కొవిడ్ వేళ, యూఏఈలో ఉంటున్న కొందరు భారతీయులు పెట్టిన ముస్లిం వ్యతిరేక పోస్టులు అక్కడ దుమారం రేపగా, వివక్ష మన విలువలకు విరుద్ధమని మన రాయబారే ట్వీటు చేయవలసి వచ్చింది. కొందరు ఉద్యోగాలు పోగొట్టుకున్నారు.

పాలమూరు వలస అనగానే ముంబై, పుణె గుర్తుకొస్తాయి గాని, దక్షిణ తెలంగాణ నుంచి గల్ఫ్‌కు వెళ్లేవారూ ఉన్నారు. యూఏఈలో 2022 జనవరి నుంచి అమల్లో ఉన్న సైబర్ నేరాల చట్టం ప్రకారం అనుమతి లేకుండా ఇతరుల ఫొటో తీసి పెట్టడం, మతాలను కించపరచడం, వదంతులు పంచడం శిక్షార్హం. ఊళ్లో ఉన్నప్పుడు గ్రూపులో యథాలాపంగా పంపిన ఫార్వర్డునే దుబాయిలో క్యాంపు గదిలో కూర్చుని పంపితే అది అక్కడి చట్టం కిందికి వస్తుంది. వెళ్లేముందు ఫోన్‌లోని పాత గ్రూపులను ఒకసారి చూసుకోవడం మంచిది.

సాయం కోసం రాయబార కార్యాలయానికి ట్వీటు చేస్తే సరిపోతుందా?

సుష్మా స్వరాజ్ విదేశాంగ మంత్రిగా ఉన్న 2014-19 కాలంలో ట్వీటు చూసి స్పందించడం వల్ల ఆ ఆశ బలపడింది. దృష్టికి తేవడానికి అది పనికొస్తుంది. కానీ జీతం ఎగవేత, పాస్‌పోర్టు పట్టుకోవడం, మృతదేహం తరలింపు వంటి వాటికి 2015లో మొదలైన విదేశాంగ శాఖ మదద్ పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేసి నంబరు తీసుకోవాలి. ట్వీటుకు నంబరు ఉండదు.

వదంతులను ఆపడంలో మన ప్రాంతంలో నేర్చుకోదగిన అనుభవం ఏదైనా ఉందా?

ఉంది, దేశమంతా వార్తల్లోకి ఎక్కిన అనుభవమే. 2018 వేసవికి ముందు జోగులాంబ గద్వాల, వనపర్తి ప్రాంతాల్లో పిల్లలను ఎత్తుకుపోయే ముఠాలు, అవయవాలు దోచే దొంగలు తిరుగుతున్నారంటూ వాట్సాప్‌లో వీడియోలు, ఆడియోలు పాకాయి. చీకటి పడితే జనం ఆరుబయట పడుకోవడం మానేశారు, కర్రలు పట్టుకుని కాపలా కాశారు. అప్పటి ఎస్పీ రెమా రాజేశ్వరి ఒక్కో పోలీసుకు కొన్ని ఊళ్లు అప్పగించి, ఊరి వాట్సాప్ గ్రూపుల్లో వారిని చేర్పించి, వచ్చిన వీడియో అబద్ధమైతే ఆ గ్రూపులోనే చెప్పే ఏర్పాటు చేశారు. డప్పు కొట్టి చాటింపు వేయించారు, జానపద కళాకారులతో పాటలు పాడించారు. ఆ ఊళ్లలో ఎవరి ప్రాణం పోలేదు. హైదరాబాద్‌లో మాత్రం అదే ఏడాది మే నెలాఖరులో, రంజాన్ మాసం కావడంతో మహబూబ్‌నగర్ నుంచి భిక్షాటనకు వెళ్లిన ట్రాన్స్‌జెండర్ వ్యక్తిని చాంద్రాయణగుట్టలో గుంపు కొట్టి చంపింది.

జూలైలో వాట్సాప్ సంస్థ మన దేశంలో ఒక సందేశాన్ని ఒకేసారి ఐదు చాట్లకు మించి పంపకుండా పరిమితి పెట్టింది. సంస్థ చేసిన మార్పు అందరికీ తెలుసు. గద్వాలలో పనిచేసిన పద్ధతి గురించి మన విశ్వవిద్యాలయాల్లో ఒక మంచి సిద్ధాంత గ్రంథం రావలసి ఉంది. వదంతిని ఆపింది చట్టమా, ఎరిగిన మనిషి గొంతా అన్నది తేల్చడానికి ఇంతకన్నా మంచి క్షేత్రం దొరకదు.

ఒక వీడియో ఎక్కడిదో ఇంట్లో కూర్చుని ఎలా తేల్చవచ్చు?

ఉదాహరణకు, 'మన పాతబస్తీలో నిన్న రాత్రి' అన్న రాతతో గుంపు పరుగెడుతున్న వీడియో వచ్చిందనుకుందాం. మొదట పైన రెండు బాణాల గుర్తు ఉందా చూడండి. ఉంటే అది చాలా చేతులు మారి వచ్చినదే. తర్వాత మనుషులను వదిలేసి వెనకనున్న వస్తువులను చూడండి. ఆకుపచ్చ ఆటో, దానికి పక్కన ఇనుప జాలీ తలుపు కనబడితే అది బంగ్లాదేశ్ ఆటో కావచ్చు. దుకాణం బోర్డు మీద అక్షరాలకు పైన అడ్డగీత ఉంటే అది ఉర్దూ కాదు, బెంగాలీయో హిందీయో అయి ఉంటుంది. బండి నంబరు ప్లేటు, పోలీసుల యూనిఫాం రంగు, బస్సు మీద రాత, రోడ్డుకు ఏ పక్కన బండ్లు నడుస్తున్నాయి అన్నవి చూడాలి. వీడియోను ఒకచోట ఆపి, స్క్రీన్‌షాట్ తీసి, గూగుల్ లెన్స్‌లో వెతికితే చాలాసార్లు అదే దృశ్యం మూడు నాలుగేళ్ల కిందటి తేదీతో దొరుకుతుంది. మనిషి టోపీ, గడ్డం చూసి ఊరు నిర్ణయించడం మాత్రం ఎప్పుడూ పనికిరాదు, వదంతి అల్లేవాడు కోరుకునేది సరిగ్గా అదే.

ముస్లిం సమాజాల అధ్యయనం అంటే మతగ్రంథాలు చదవడమేనా?

గ్రంథాలు తెలియకుండా కుదరదు, గ్రంథాలతోనే సరిపోదు. అమెరికన్ మానవశాస్త్రవేత్త క్లిఫర్డ్ గీర్ట్జ్ 1968లోనే మొరాకో, ఇండోనేసియాలను పక్కపక్కన పెట్టి, ఒకే మతం రెండు సమాజాల్లో ఎంత వేరుగా బతుకుతుందో చూపించాడు. తెలుగు కవి, పరిశోధకుడు అఫ్సర్ అనంతపురం జిల్లా గూగూడు పీర్ల పండుగ మీద చేసిన పని మనకు ఇంకా దగ్గరిది.

మన జిల్లాల్లోనే ఎన్ని రకాలున్నాయో చూడండి. నల్లగొండ పట్టణంలో లతీఫ్ సాహెబ్ గుట్ట, పాలకవీడు మండలంలో జాన్‌పహాడ్ సైదులు దర్గా, ఊరూరా పీర్ల కొట్టం, అలావా గుండం. జాన్‌పహాడ్ ఉర్సుకు వచ్చేవారిలో హిందువులు పెద్దసంఖ్యలో ఉంటారు. ఇలా మొక్కడం సరికాదనే ముస్లింలూ ఇదే జిల్లాలో ఉన్నారు, వారి వాదనను కూడా అంతే శ్రద్ధగా వినాలి. ఇంట్లో దక్కనీ ఉర్దూ మాట్లాడేవారు కొందరైతే, దూదేకుల కుటుంబాల్లో చాలామందికి తెలుగే ఇంటి భాష. రిజర్వేషన్ల లెక్కలో దూదేకులవారు బీసీ-బీలో, 2007 చట్టంతో వచ్చిన 4 శాతం కోటా పొందే ముస్లిం వర్గాలు బీసీ-ఈలో ఉన్నాయి. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో ముస్లింలు సుమారు 17.2 కోట్లు. ఇంతమంది గురించి 'వారు ఇలా అనుకుంటారు' అని మొదలయ్యే వాక్యం ఏ పరీక్ష పేపరులో కనబడినా మేము మార్కులు తగ్గిస్తాము.

ఈ రంగంలో హైదరాబాద్‌కు చెప్పుకోదగిన పేరు ఉందా?

చాలామందికి తెలియదు గాని, గొప్ప పేరే ఉంది. అరబిక్ రాతప్రతులను పరిష్కరించి ప్రచురించే దాయిరతుల్ మఆరిఫ్ 1888లో మొదలై నేటికీ ఉస్మానియా ఆవరణలో ఉంది. ఇస్లామిక్ కల్చర్ అనే ఆంగ్ల త్రైమాసిక పత్రిక 1927లో హైదరాబాద్‌లోనే పుట్టింది. ఇక దౌత్యానికి సంబంధించి ముఖ్యమైన పేరు మొహమ్మద్ హమీదుల్లాది. 1908లో హైదరాబాద్‌లో పుట్టి, ఉస్మానియాలో చదివి, ప్రవక్త కాలపు లేఖలు, ఒప్పందాల మీద 1935లో పారిస్‌లో డాక్టరేటు పొందిన ఆయన, 1948లో ఐక్యరాజ్య సమితికి వెళ్లిన హైదరాబాద్ ప్రతినిధి బృందంలో ఉన్నారు. ఆ తర్వాత దశాబ్దాల పాటు పారిస్‌లోనే ఉండి, చివరి రోజుల్లో అమెరికా వెళ్లి 2002లో అక్కడ మరణించారు. రాజ్యాల మధ్య ఉత్తరాలను చరిత్రకు ఆధారంగా ఎలా వాడాలో, ఏ ప్రతి అసలుదో ఏది కల్పితమో ఎలా వేరుచేయాలో ఆయన పని చూసి నేర్చుకున్నవారికి ట్వీటును పరీక్షించడం కష్టమనిపించదు.

ప్రాజెక్టుకు పోస్టులు ఎలా సేకరించాలి?

ముందుగా చెప్పవలసినది, ఉచితంగా దొరికే దారులు ఇప్పుడు బాగా ఇరుకయ్యాయి. ట్విట్టర్ 2023లో పరిశోధకులకు ఉచిత సమాచారం ఆపేసింది, ఫేస్‌బుక్ పోస్టులను వెతకడానికి వాడిన క్రౌడ్‌టాంగిల్ 2024 ఆగస్టులో మూతపడింది. కాబట్టి డిగ్రీ స్థాయిలో పెద్ద లెక్కల జోలికి పోకుండా, చిన్న విషయాన్ని దగ్గరగా చూడడం మేలు. ఉదాహరణకు 2022 నవంబర్ 3న జరిగిన మునుగోడు ఉప ఎన్నికలో మూడు ప్రధాన పార్టీల అధికారిక పేజీలు ఒక వారంలో ఏం పెట్టాయో చేత్తో లెక్కపెట్టి చూసినా మంచి ప్రాజెక్టు అవుతుంది.

మనవాళ్లు తెలుగునూ ఉర్దూనూ ఇంగ్లిష్ అక్షరాల్లోనే ఎక్కువగా టైపు చేస్తారు, ఒకే మాటను నలుగురు నాలుగు రకాలుగా రాస్తారు. తెలుగు లిపిలో మాత్రమే వెతికితే సగం పోస్టులు జారిపోతాయి. వాట్సాప్ గ్రూపులో ఉన్నాము కదా అని అందులోని మాటలను చెప్పకుండా వాడుకోవడం తప్పు. అడ్మిన్‌కూ సభ్యులకూ చెప్పి, పేర్లు, నంబర్లు తీసేయాలి. ఫోన్ లేని ఇంటి ఆడవాళ్లు, వలసపోయినవారు మీ లెక్కలోకి రారని నివేదికలో స్పష్టంగా రాయాలి.

ఎన్నికల సమయంలో సోషల్ మీడియాకు నియమాలు ఉన్నాయా?

ఉన్నాయి. 2013 అక్టోబర్‌లో ఎన్నికల సంఘం ఇచ్చిన ఆదేశాల ప్రకారం అభ్యర్థి తన ఖాతాల వివరాలను అఫిడవిట్‌లో చూపాలి, ప్రకటనలకు ముందుగా అనుమతి తీసుకోవాలి, ఆ ఖర్చు ఎన్నికల ఖర్చులో కలుస్తుంది. ఉల్లంఘనలను సీ-విజిల్ యాప్‌లో ఎవరైనా పంపవచ్చు.

గ్రూపులో ఎవరో పెట్టిన పోస్టుకు అడ్మిన్ జైలుకు వెళ్తాడా?

కేవలం అడ్మిన్ అయినందుకే కాదని బొంబాయి హైకోర్టు 2021లో, కేరళ హైకోర్టు 2022లో చెప్పాయి. అయితే మతాల మధ్య వైరం రేపే మాటలకు భారతీయ న్యాయ సంహితలోని 196వ సెక్షన్ ఉంది. అడ్మిన్ తానే దాన్ని పంచినా, ప్రోత్సహించినా అది వర్తిస్తుంది.

ఏ భాషలు నేర్చుకోవాలి, ఎక్కడ చదవవచ్చు?

ముందు ఉర్దూ లిపి. మన ఊళ్లలో నేర్పేవారు దొరుకుతారు, అది వస్తే దుకాణం బోర్డులు, పాత దస్తావేజులు, దర్గా శాసనాలు చదవగలుగుతారు. తర్వాత అరబిక్ గాని ఫార్సీ గాని తీసుకోవచ్చు. నల్లగొండ మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయం, మహబూబ్‌నగర్ పాలమూరు విశ్వవిద్యాలయం పరిధిలో డిగ్రీ చేసినవారు పీజీకి ఉస్మానియాలో ఇస్లామిక్ అధ్యయనాల విభాగానికి గాని, గచ్చిబౌలిలో 1998లో ఏర్పడిన మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయానికి గాని దరఖాస్తు చేసుకోవచ్చు. రెండోదానిలో బోధన ఉర్దూలో ఉంటుంది, ప్రవేశానికి ఉర్దూ చదివి ఉండాలన్న నిబంధన ఉంది కనుక డిగ్రీలోనే ఆ భాషను ఒక పేపరుగా తీసుకోవడం మంచిది.